అఖండదీపాన్ని ఆర్పవలెనా?

శ్రీ విశ్వావసు నామ సంవత్సర వైశాఖ శుద్ధ దశమి, సౌమ్యవాసరం. లౌకిక గణనలో 2025 మే 7. సికింద్రాబాదులో ఒక పాత వీధిలో, ఎత్తైన రెండు భవనాల నడుమ ఒదిగియున్న చిన్న లక్ష్మీనృసింహాలయంలో ప్రాతఃకాలార్చన యథావిధిగా ముగిసింది. తీర్థం, శఠారి అయిన పిమ్మట కూడా భక్తులెవ్వరూ ఇండ్లకు కదలలేదు. మంటపంలోని స్తంభాలకు ఆనుకొని నిలుచున్నారు. ప్రతివారి చేతిలోనూ ఫోను. ఆ తెల్లవారుజామున మన సైన్యం సరిహద్దు ఆవల తొమ్మిది స్థావరాలపై దాడి జరిపినదన్న వార్తను ఒకరు చదువుతున్నారు, మరొకరు వింటున్నారు. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మంది ప్రాణాలు పోయిన నాటినుండి ఎదురుచూస్తున్నదే జరిగినది. అయినను ఎదురుచూచినది జరిగినప్పుడు కలిగే కంపం వేరు.

నాలుగు రోజులలో నృసింహ జయంతి. గోపురానికి విద్యుద్దీపాల మాలలు కడుతున్న కుర్రవాడు నిచ్చెన దిగి అర్చకుని వద్దకు వచ్చాడు.

"అయ్యగారూ, సైరన్ మోగితే లైట్లన్నీ బంద్ చేయాలంటున్నరు టీవీల. మరి లోపలి అఖండదీపం గూడ ఆర్పాల్నా?"

మంటపం నిశ్శబ్దమైనది. ఆ దీపం అర్చకుని తండ్రిగారు ప్రతిష్ఠ నాడు వెలిగించినది. ఆనాటినుండి తండ్రి, ఆయన తరువాత కొడుకు, పూటపూటకూ నువ్వులనూనె పోసి, వత్తిని మార్చుతూ, జ్వాలను మాత్రం తెగనీయక కాపాడుకొంటూ వస్తున్నారు. వేదపాఠశాలలో పన్నెండేండ్లు కృష్ణయజుర్వేదం వల్లించి, ఆగమం నేర్చిన ఆ అర్చకునికి యాభైయారేండ్ల వయస్సులో ఇటువంటి ప్రశ్న ఎవ్వరూ వేయలేదు. గ్రహణానికి విధి ఉన్నది, ఆశౌచానికి విధి ఉన్నది, బింబం భిన్నమైనపుడు ఏమి చేయవలెనో ఉన్నది. వైమానిక దాడి హెచ్చరికకు విధి ఏది?

"సాయంత్రం చెబుతాను నాయనా" అన్నాడు ఆయన.

కేంద్ర గృహమంత్రిత్వశాఖ రెండు రోజుల క్రితం, మే 5న, రాష్ట్రాలకు పంపిన ఆదేశంలో ఉన్నది స్వల్పమే. పౌరరక్షణ జిల్లాలుగా గుర్తించబడిన 244 చోట్ల మే 7న అభ్యాసం జరుపవలెను. సైరన్లు పనిచేయుచున్నవో లేదో చూడవలెను. దీపాలను ఒక్కసారిగా ఆర్పే ఏర్పాటును, కీలక కేంద్రాలను శత్రువు కంటపడకుండ మరుగుపరచే ఏర్పాటును, జనాన్ని సురక్షిత స్థలానికి తరలించే ప్రణాళికను పరీక్షించుకొనవలెను. విద్యార్థులకూ పౌరులకూ శిక్షణ ఈయవలెను. 'ఆపరేషన్ అభ్యాస్' అని పేరు. తెలుగునాట హైదరాబాదు, విశాఖపట్టణం ఆ జాబితాలో ఉన్నవి. భాగ్యనగరంలో సికింద్రాబాదు, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలి ఎంపికైనవి. 1971 తరువాత ఇంత విస్తారంగా ఇటువంటి అభ్యాసం జరుగలేదు.

అభ్యాసమనే పేరులోనే ఇది నిజం కాదన్న భరోసా ఉన్నది. కాని జనానికి వినబడినది భరోసా కాదు. "యాభై ఏండ్లుగా లేనిది ఇప్పుడెందుకు? వారికి తెలిసి మనకు చెప్పనిదేదో ఉన్నది" అన్నాడు మంటపంలో ఒక రైల్వే విశ్రాంత ఉద్యోగి. ఆయన బుద్ధిమంతుడు, నిత్యం విష్ణుసహస్రనామ పారాయణ చేసేవాడు. ఆయన మాటలో దోషం లేదు. రాజ్యం ఏమి చేయవలెనో చెప్పి, ఎందుకో చెప్పనపుడు, ఆ 'ఎందుకు' అనే ఖాళీని ప్రజ తన కల్పనతో పూరించుకొంటుంది. రాజ్యరహస్యం కొంత అనివార్యమే గాక అవసరం కూడా. ఐనను ఆ ఖాళీలో పుట్టే భూతాలకు రాజ్యం కూడా కొంత బాధ్యత వహింపవలసినదే.

గ్రహణాన్ని చూడండి. సూర్యుడంతటివాడు పట్టపగలు మరుగున పడుతాడు. అంతకు మించిన ఉత్పాతం ఏమున్నది? ఐనను ఏ ఇల్లాలూ గుండెలు బాదుకొనదు. ఊరగాయ జాడీలమీద దర్భలు వేస్తుంది, పెందలకడనే వంట ముగిస్తుంది, స్నానానికి నీళ్ళు తోడుకొంటుంది. ఏలయన పంచాంగంలో స్పర్శకాలం ఉన్నది, మధ్యకాలం ఉన్నది, మోక్షకాలమూ ఉన్నది. విడుపు ఎప్పుడో తెలిసిన పట్టు భయపెట్టదు. ఆ వైశాఖంలో మన ప్రజకు స్పర్శకాలం మాత్రమే తెలిసినది.

ఆ ఉదయం మంటపంలో అందరికంటె నిబ్బరంగా ఉన్నది తొంబదేండ్లు దాటిన ఒక బామ్మగారు. ఆమె పుట్టినది విశాఖలో. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ రేవుపైనా, కాకినాడపైనా బాంబులు వేసిన నాటికి ఆమెకు ఏడెనిమిదేండ్లు. పట్టణం పట్టణమంతా మూటలు కట్టుకొని పల్లెలకు పరుగెత్తినదట. ఆమె చెప్పినది ఇంతే:

"మా నాయనమ్మ ఇల్లొదిలి రానని తులసికోట పట్టుకు కూర్చుంది. రోజూ కోటలో నీళ్ళు పొయ్యమని పక్కింటివాళ్ళకి చెప్పి, ఎలాగో బండెక్కించారు. తీరా ఊరి పొలిమేర దాటి వెనక్కి చూస్తే, ఆ పక్కింటివాళ్ళ బండి మా వెనకాలే వస్తోంది!"

మంటపంలో అందరూ నవ్వినారు. ఆ ఉదయాన నవ్వు పుట్టడం అదే మొదలు. "తులసి ఏమైనదమ్మా?" అని అర్చకుడు అడిగాడు. "ఎండిపోయింది నాయనా. మళ్ళీ నాటుకున్నాం" అన్నది ఆమె.

మధ్యాహ్నం కవాటబంధనం చేసిన తరువాత అర్చకునికి నిద్ర పట్టలేదు. శాస్త్రాన్ని తడవినాడు. మహాభారతం అరణ్యపర్వంలో, ద్యూతసమయాన తాను హస్తినలో ఎందుకు లేడో ధర్మజునికి వివరిస్తూ శ్రీకృష్ణుడు ద్వారకపై సాల్వుని ముట్టడి కథ చెబుతాడు. ఆ సందర్భంలో వ్యాసుడు ఆ నగరపు సన్నాహాన్ని ఒక దండనాయకుని లెక్కపుస్తకం వలె వర్ణించినాడు. ఉగ్రసేన ఉద్ధవాదులు మద్యపానాన్ని నిషేధిస్తూ చాటింపు వేయించినారు, ఏమరుపాటు కలుగకూడదని. వంతెనలను తెగగొట్టినారు. పడవలను ఆపినారు. అగడ్తలలో మేకులు నాటించినారు. నగరం చుట్టూ క్రోశమంత మేర నేలను ఎగుడుదిగుడు చేయించినారు. నటులను, నర్తకులను, గాయకులను ముందే వెలుపలికి పంపివేసినారు. ముద్ర లేనివానిని బయటికి పోనీయలేదు, లోనికి రానీయలేదు. సైనికులకు వేతనాలు సక్రమంగా ఇచ్చినారు, తక్కువ లోహపు నాణెంతో సరిపెట్టలేదు.

అర్చకుని మనస్సు ఒక్కచోట నిలిచినది. ఇదంతా జరిగినప్పుడు కృష్ణుడు ద్వారకలో లేడు, ఇంద్రప్రస్థంలో రాజసూయానికి వెళ్ళియున్నాడు. పరమాత్మ తమవాడైన యాదవులు, "ఆయన చూచుకొంటాడులే" అని కూర్చుండలేదు. అగడ్త త్రవ్వడం భక్తికి లోపమని వారెవ్వరూ అనుకొన్నట్లు లేదు. ఆ ఉదయం ఒక యువభక్తుడు, "స్వామి ఉండగా మనకు సైరన్లెందుకు?" అని ఆవేశంగా అన్నాడు. అర్చకుడు అప్పుడు ఔనన్నట్లు తల ఊపినాడు. ఇప్పుడు ఆ ఊపు తలచుకొని కొంచెం సిగ్గుపడినాడు.

కౌటిల్యుడు మరింత గృహస్థోచితంగా చెప్పినాడు. ఆయన అర్థశాస్త్రంలో దైవికమైన మహాభయాలు ఎనిమిది: అగ్ని, ఉదకం, వ్యాధి, దుర్భిక్షం, మూషికాలు, క్రూరమృగాలు, సర్పాలు, రాక్షసులు. ఎలుకలను రాక్షసుల సరసన చేర్చిన ఆ లౌకికజ్ఞునికి నమస్కరింపవలెను. ధాన్యం నిలువ చేసినవానికే ఆ క్రమం అర్థమవుతుంది. వేసవిలో ఇంటింటా నీటికుండలు, నిచ్చెన, గొడ్డలి, కొక్కెం, తోలుతిత్తి వంటివి సిద్ధంగా ఉంచనివారికి పాదపణం దండుగ విధించినాడు. వానకాలపు రాత్రులలో ఏటిగట్టు పల్లెలవారు మెరకకు పోయి ఉండవలెనన్నాడు. కోష్ఠాగారంలోని ధాన్యంలో సగం జనపదుల ఆపదకై ఉంచి, సగమే వాడుకొనవలెనని, పాతదాన్ని తీసి క్రొత్తదాన్ని నింపుతూ ఉండవలెనని నియమించినాడు. ఆ చివరి మాట చిన్నది, కాని అందులోనే అంతా ఉన్నది. ఆపదకు సన్నాహమనేది ఏటేటా, పంటపంటకూ, ఎవ్వరూ గమనించకుండ జరిగే నిత్యకర్మ. ఏండ్ల తరబడి చేయవలసినదాన్ని ఒక్క రాత్రిలో చేయబూనినపుడు దానికే భయమని పేరు.

సాయంత్రం నాలుగు గంటలకు ముందే అర్చకుడు ఆలయం తలుపులు తెరిచినాడు. వీధి మొగలో ఖాకీ దుస్తుల హోంగార్డులు, పౌరరక్షణ స్వచ్ఛంద సేవకులు ఉన్నారు. విద్యుద్దీపాల కుర్రవాడు నిచ్చెనను గోడకు ఆనించి, మీట దగ్గర నిలుచున్నాడు. సైరన్ మోగింది. హెచ్చుతూ తగ్గుతూ సాగే ఆ నాదాన్ని విన్న పావురాలు గోపురంమీదినుండి ఒక్కుమ్మడిగా లేచినవి. బామ్మగారు చెవులు మూసికొనలేదు, కండ్లు మూసికొన్నది. రెండు నిముషాలు గడిచినవి. పట్టపగలు, ఎండ ఇంకా తీక్ష్ణంగా ఉన్నది, ఆర్పవలసిన దీపమేదీ వీధిలో వెలుగుటలేదు. ఐనను కుర్రవాడు మీట నొక్కి మెయిన్ ఆపినాడు. మంటపంలో పంఖాలు నిలిచిపోయినవి.

అప్పుడు అందరి చూపులూ అప్రయత్నంగా గర్భాలయం వైపు తిరిగినవి. విద్యుత్తు లేని ఆ లోపలి చీకటిలో, ఎప్పుడూ బల్బు వెలుగులో కలిసిపోయి కనబడని అఖండదీపం, స్వామి ముఖంమీద పసుపుపచ్చగా ఆడుతున్నది.

అర్చకుడు లేచి గర్భాలయ కవాటాలను దగ్గరగా వేసినాడు. దీపం లోపల ఉన్నది. బయటికి ఒక్క రేఖ కూడా రాలేదు.

"చూచినావా నాయనా?" అన్నాడు కుర్రవానితో. "గర్భాలయానికి కిటికీ పెట్టరు. నిత్యం రాత్రి ఏకాంతసేవ అయిన తరువాత మనం చేసేది ఇదే కదా. ఆర్పవలసినవి గోపురంమీదివి. అవి నీ చేతిలో ఉన్నవి, సైరన్ మోగినపుడు తప్పక ఆర్పు. తలుపు దగ్గరగా వేయడం నా పని."

ఆ ఉదయం వెదకిన విధి ఆలయ నిర్మాణంలోనే ఉన్నది. తాను ఏండ్లతరబడి రోజూ రాత్రి ఆచరిస్తున్నదే, తనకు తోచలేదు.

కథ ఇక్కడ ముగిసియుంటే అర్చకునికి గౌరవంగా ఉండేది. కాని తరువాతి రెండు రోజులు భిన్నంగా గడిచినవి. జమ్మూలో, పంజాబులో, రాజస్థానంలో సరిహద్దు పట్టణాలు నిజంగానే చీకటిలో మునిగినవి. అక్కడ సైరన్ అభ్యాసం కాదు. ఇక్కడ వీధిలో పుకార్లు మొదలైనవి. రెండు మూడు రోజులు ఏటీఎంలు మూసివేస్తారని ఒక సందేశం. సరుకులు దొరకవని మరొకటి. ఏటీఎంల మాట అసత్యమని ప్రభుత్వ వార్తాసంస్థ ప్రకటించినది. ధాన్యపు నిల్వలు పుష్కలంగా ఉన్నవని కేంద్ర ఆహారశాఖ మంత్రి చెప్పినారు. కాని ఖండన ఎప్పుడూ పుకారుకంటె నెమ్మదిగా నడుస్తుంది. వీధి చివరి కిరాణా దుకాణంలో నెలకు ఒక బస్తా బియ్యం కొనేవారు మూడేసి కొన్నారు. రైల్వే విశ్రాంత ఉద్యోగి నాలుగు కొన్నాడు. ఆ సాయంత్రం ఆలయం ముందు పూలమ్మే స్త్రీ, పూలమ్మిన డబ్బుతో రోజూ కొనే అరలీటరు నూనె ప్యాకెట్టు దొరకక ఖాళీ చేతులతో తిరిగివచ్చినది. శత్రువు ఆ వీధికి రాలేదు. ఆమె ఇంట పొయ్యిమీద మూకుడు మాత్రం ఆ రాత్రి చల్లగా ఉన్నది.

మే 9, శుక్రవారం సాయంత్రం అర్చకుడు ప్రవచనం చేసినాడు. గీత షోడశాధ్యాయంలో దైవీసంపద గుణాలను లెక్కిస్తూ భగవానుడు అభయాన్నే మొదట పెట్టినాడని చెప్పినాడు. బృహదారణ్యకంలో ఆదిని ఒంటరిగా ఉన్న ప్రజాపతి కూడా భయపడినాడని, తనకంటె అన్యమైనది లేనప్పుడు ఎవరిని చూచి భయమని విచారించగా ఆ భయం తొలగినదని వివరించినాడు. "ఉపనిషత్తు ప్రజాపతి భయాన్ని దాచలేదు చూడండి" అన్నాడు. జనులు శ్రద్ధగా విన్నారు. విశ్రాంత ఉద్యోగి కండ్లు చెమర్చినవి.

ఇంటికి చేరగానే ధర్మపత్ని అన్నది: "ఇంట్లో రెండు వేలే ఉన్నాయండీ. ఏటీఎంలు మూసేస్తారట. ఒకసారి వెళ్ళి రండి."

"అది అబద్ధమని చెప్పినారు కదే."

"అబద్ధమైతే మంచిదే. నిజమైతే?"

ఆ ప్రశ్నకు ప్రజాపతి వద్ద సమాధానం ఉన్నదేమో గాని, అర్చకుని వద్ద లేకపోయింది. రాత్రి తొమ్మిదిన్నరకు, ఉత్తరీయాన్ని భుజాలచుట్టూ కప్పుకొని, ప్రధాన వీధిలోని ఏటీఎం వద్ద వరుసలో నిలుచున్నాడు. ముందర పదిపన్నెండు మంది. అందులో ఇద్దరి తరువాత నిలిచియున్న వ్యక్తి వెనుదిరిగినాడు. రైల్వే విశ్రాంత ఉద్యోగి.

ఇద్దరూ కొంతసేపు మాటాడలేదు.

"మీరు కూడానా స్వామీ?" అన్నాడాయన చివరకు, మెల్లగా.

"అవును" అన్నాడు అర్చకుడు.

ఆయన ఎగతాళి చేయలేదు. తన స్థానంలోకి అర్చకుణ్ణి పిలిచి, తాను వెనుకకు వచ్చి నిలుచున్నాడు. ఆ మర్యాదే అర్చకునికి ఎక్కువగా గ్రుచ్చుకొన్నది. యంత్రం పదివేలు ఇచ్చినది. ఇంటికి వచ్చి పూజామందిరం అరలో పెట్టి పడుకొన్నాడు.

మరునాడు సాయంత్రం ప్రవచనపీఠంమీద కూర్చుండి, శ్లోకం చదువకముందే ఆ సంగతి తానే చెప్పినాడు. చెప్పనవసరం లేదని ధర్మపత్ని అన్నది. చూచినవాడు ఒక్కడే, అతడూ చెప్పేవాడు కాడు. ఐనను చెప్పినాడు. తరువాత గీత అష్టాదశాధ్యాయంలోని సాత్త్వికబుద్ధి లక్షణాన్ని తీసికొన్నాడు. ప్రవృత్తిని, నివృత్తిని, కార్యాన్ని, అకార్యాన్ని తెలిసిన బుద్ధి, భయాన్ని, అభయాన్ని కూడా తెలియునని భగవానుడన్నాడు. "నిన్న అభయాన్నే చెప్పినాను, భయాన్ని విడిచిపెట్టినాను. దేనికి భయపడవలెనో కూడా తెలియవలెను. సైరన్ మోగినపుడు మెట్లు దిగడం తెలిసిన బుద్ధి. నేను నిన్న రాత్రి నిలుచున్నది ఆ బుద్ధితో కాదు. నా వెనుక నిలిచిన చివరివానికి యంత్రంలో నోట్లు మిగిలినవో లేదో నేను వెనుదిరిగి చూడలేదు."

పూలమ్మే స్త్రీ ఆ మాటలకు తల ఎత్తినది. ఏమీ అనలేదు.

మంటపం మూలన ఒక మాతృమూర్తి ఆ నాలుగు రోజులుగా ప్రతిపూటా వచ్చి కూర్చుంటున్నది. ఆమె కుమారుడు జమ్మూ వైపు సైన్యంలో ఉన్నాడు. ఆమె బియ్యం కొనలేదు, డబ్బు తీయలేదు, సైరన్ గురించి అడుగలేదు. మొదటి రోజున మృత్యుంజయ జపం చేయించమని మాత్రం కోరింది. గోత్రనామాలు చెప్పేటప్పుడు కుమారుని నక్షత్రం చెప్పి, ఒక క్షణం ఆగి, "అతనితో ఉన్నవాళ్ళందరి పేర్లూ నాకు తెలియవు స్వామీ, వాళ్ళకీ కలిపి చెప్పండి" అన్నది. సంకల్పంలో 'తత్సహచరాణాం చ' అని కలిపి చెప్పినప్పుడు అర్చకుని గొంతు నిలువలేదు. వీధి అంతా తనకేమగునో అని కలవరపడిన దినాలలో, నిజంగా పోగొట్టుకొనవలసినది ఉన్న ఆమె నోట మాత్రమే ఇతరుల ప్రస్తావన వచ్చినది.

ఆ మే 10 సాయంత్రమే, ప్రవచనం మధ్యలో, కాల్పులు నిలిపివేయుటకు ఇరుపక్షాలూ అంగీకరించినవని వార్త వచ్చినది. ఎవరో బిగ్గరగా చదివినారు. మాతృమూర్తి లేచి ప్రాంగణంలోకి వెళ్ళి ఫోను చేసింది. అవతల ఎవరూ ఎత్తలేదు. మరల చేసింది. తిరిగివచ్చి తన స్థానంలోనే కూర్చున్నది.

వార్తా చానళ్ళు తమ కార్యక్రమాలలో సైరన్ ధ్వనిని వాడవద్దని పౌరరక్షణ శాఖ కోరినదని కూడా ఆనాడే తెలిసినది. ఊరకే వినిపిస్తూ ఉంటే నిజంగా మోగిన నాడు జనం లక్ష్యపెట్టరని దాని కారణం. నాలుగు రోజులుగా ప్రతి ఇంటా, ప్రతి గంటకూ ఆ చానళ్ళు మోగించిన సైరన్ల ముందు, వీధిలో రెండు నిముషాలు మోగిన అసలు సైరన్ ఎంత? ఆలయంలో పిల్లలు ఆటగా గంట కొట్టినపుడు అర్చకుడు మందలించేది కూడా ఈ కారణంచేతనే.

మే 11, ఆదివారం, నృసింహ జయంతి. ఉత్సవాన్ని నిలిపివేయవలెనా అని కార్యవర్గం మూడు రోజులు తర్జనభర్జన పడి, మైకులు, ఊరేగింపు లేకుండ జరుపవలెనని నిర్ణయించినది. విశ్రాంత ఉద్యోగి కొన్న నాలుగు బస్తాలలో రెండింటిని దుకాణదారు తిరిగి తీసికొనలేదు. ఒకటి పులిహోర అయినది, ఇంకొకటి పూలమ్మే స్త్రీ ఇంటికి వెళ్ళినది. ఆమె వద్దనలేదు, సంతోషించినట్లు కూడా కనబడలేదు.

ప్రదోషవేళ, పగలూ రాత్రీ కాని ఆ సంధిలో, స్వామికి పానకం నివేదన జరిగినది. హారతికి ముందు మాతృమూర్తి ఫోను మోగింది. ఆమె గభాలున లేచి మంటపం దాటి వెళ్ళినది. లోపల ఉన్నవారందరూ గోపురద్వారం వైపే చూస్తున్నారు, హారతిపళ్ళెం చేతపట్టిన అర్చకుడు సైతం. ఆమె కొంగుతో ముఖం తుడుచుకొంటూ తిరిగివచ్చి, "తిన్నావా అని అడిగాడు స్వామీ. నన్ను!" అన్నది.

అర్చకుడు కర్పూరాన్ని అఖండదీపంనుండి వెలిగించినాడు. బయట కుర్రవాడు, వెలిగించవచ్చునా అన్నట్లు చేయి ఎత్తి మీట దగ్గర నిలుచున్నాడు.